కార్సన్ పామర్ మీద సిన్సినాటి అభిమానుల కోపం ఇంకా ఎందుకు చల్లారలేదు?

ప్రశ్న అడిగినవారు ఈమధ్యే ఒహాయో రాష్ట్రంలో సిన్సినాటి శివారులోని మేసన్‌కు వచ్చారనీ, ఆఫీసులో ఈ ఊరి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు బెంగాల్స్‌కు పాతకాలపు అభిమానులు, ఒకప్పటి ఆ జట్టు క్వార్టర్‌బ్యాక్ (పాసులు విసిరి ఆట నడిపించే ఆటగాడు) కార్సన్ పామర్ పేరెత్తితేనే ముఖం ముడుచుకోవడం చూసి ఆశ్చర్యపోయారనీ రాశారు. నచ్చని ఉద్యోగం మానుకుని వేరొకచోట చేరడం మనమందరం చేసేదే కదా, పైగా అతణ్ణి వదులుకున్నందుకు జట్టు లాభపడింది కదా, మరి పదేళ్ళు దాటినా ఈ కసి ఏమిటి, ఇక ఎప్పటికైనా జట్టు అతణ్ణి గౌరవిస్తుందా అన్నవి వారి సందేహాలు. 2005 సీజన్ నుంచి ఈ జట్టును విడవకుండా చూస్తున్నవాణ్ణి కనుక కొంచెం వివరంగానే చెబుతాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పామర్ వెళ్ళిపోయాడన్నది అసలు కోపం కాదు. ఈ ఊళ్ళో ఆడటంకన్నా అసలు ఆట మానుకోవడమే మేలని ప్రకటించి వెళ్ళాడన్నది మొదటి కోపం. ఆ జట్టు యాజమాన్యం గురించి అతని అంచనా సరైనదేనని అభిమానులకూ తెలిసి ఉండటం రెండవది, ఇంకా లోతైనది.

పామర్ రాకముందు ఇక్కడి పరిస్థితి తెలియకపోతే ఇది అర్థం కాదు. 1968లో జట్టును స్థాపించిన పాల్ బ్రౌన్ 1991లో మరణించాక పగ్గాలు ఆయన కుమారుడు మైక్ బ్రౌన్ చేతికి వచ్చాయి. అప్పటి నుంచి 2002 దాకా పన్నెండు సీజన్లలో బెంగాల్స్ 55 ఆటలు గెలిచి 137 ఓడింది. చాలా జట్లలో ఆటగాళ్ళ ఎంపికకు ఒక జనరల్ మేనేజర్ ఉంటే, ఇక్కడ ఆ బాధ్యత కూడా యజమానే మోసేవారు. కొత్త ప్రతిభను వెదికే స్కౌట్ల బృందం లీగ్‌లో అతి చిన్నవాటిలో ఒకటని పేరు. 1992లో డేవిడ్ క్లింగ్లర్‌ను, 1999లో అకిలీ స్మిత్‌ను డ్రాఫ్ట్ (కళాశాల ఆటగాళ్ళను జట్లు వంతులవారీగా ఎంచుకునే వార్షిక కార్యక్రమం) మొదటి రౌండ్‌లోనే తెచ్చి క్వార్టర్‌బ్యాక్‌గా నిలబెట్టబోతే ఇద్దరూ నిలవలేదు. ఈ వైఫల్యాల నడుమనే, 1996లో, సిన్సినాటి ఉన్న హామిల్టన్ కౌంటీ ఓటర్లు డాలరుకు అర సెంటు చొప్పున అదనపు అమ్మకపు పన్ను కట్టడానికి ఒప్పుకుని ఈ జట్టుకూ, బేస్‌బాల్ జట్టు రెడ్స్‌కూ కొత్త స్టేడియాలు కట్టించి ఇచ్చారు. సరిగ్గా అప్పుడే పొరుగున ఉన్న క్లీవ్‌ల్యాండ్ నుంచి బ్రౌన్స్ జట్టును యజమాని బాల్టిమోర్‌కు తరలిస్తున్నాడు. మన జట్టుకూ అదే గతి పడుతుందేమోనన్న భయం ఆ ఓట్లలో చాలావరకు పనిచేసింది. 2000లో స్టేడియం తెరుచుకుంది. ఓటర్లకు ఆశ చూపిన ఆస్తిపన్ను రాయితీ క్రమంగా కుంచించుకుపోయింది, జట్టు ఓడిపోవడం మాత్రం అలాగే కొనసాగింది. ఈ పన్ను సంగతి గుర్తుంచుకోండి, దీనితో మళ్ళీ పని ఉంది.

2002లో జట్టు 2 ఆటలు గెలిచి 14 ఓడింది. ఈ జట్లు ఆడే లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్ పద్ధతి ప్రకారం అందరికన్నా అట్టడుగున ఉన్న జట్టుకే మరుసటి ఏడాది కళాశాల ఆటగాళ్ళలో మొదట ఎంచుకునే హక్కు వస్తుంది. ఆ హక్కుతో 2003లో బెంగాల్స్ ఎంచుకున్నది కాలిఫోర్నియాలోని యూఎస్‌సీ విశ్వవిద్యాలయం తరఫున ఆడి, 2002లో కళాశాల ఫుట్‌బాల్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ గెలిచిన పామర్‌ను. ఇక్కడ ఒక విషయం చాలామంది మరచిపోతారు. ఈ జట్టుకు అంత చెడ్డపేరు ఉన్నా అతడు వెనుకాడలేదు, డ్రాఫ్ట్ రోజు రాకముందే ఒప్పందం కుదుర్చుకున్నాడు. కొత్త కోచ్ మార్విన్ లూయిస్ అతణ్ణి మొదటి ఏడాది అనుభవమున్న క్వార్టర్‌బ్యాక్ జాన్ కిట్నా వెనుక కూర్చోబెట్టి ఆట నేర్పించాడు. 2005 వచ్చేసరికి ఆ యువకుడు 32 టచ్‌డౌన్ పాసులతో (స్కోరు తెచ్చిపెట్టే పాసులతో) లీగ్‌లోనే అగ్రస్థానంలో నిలిచాడు, జట్టు 11 ఆటలు గెలిచి 5 ఓడి నాలుగు జట్ల తన డివిజన్‌లో విజేత అయింది, 1990 సీజన్ తరువాత మొదటిసారి సీజన్ చివరి నాకౌట్ పోటీలైన ప్లేఆఫ్స్‌కు చేరింది. ఆ డిసెంబరులోనే 2014 వరకు వర్తించే భారీ ఒప్పందంపై సంతకం చేశాడు. తరువాత అందరూ ఎత్తిచూపిన సంతకం ఇదే.

ఇక 2006 జనవరి 8. సొంత మైదానంలో పిట్స్‌బర్గ్ స్టీలర్స్‌తో ఆట. బెంగాల్స్ చేతికి బంతి వచ్చాక రెండవ ప్రయత్నంలోనే, అంటే పామర్ విసిరిన మొట్టమొదటి పాస్‌లోనే, బంతి క్రిస్ హెన్రీకి చేరి 66 గజాలు కలిసివచ్చాయి. స్టేడియం అంతా హోరెత్తింది. అందరి కళ్ళూ బంతి వెంట ఉన్నాయి కనుక, దాన్ని విసిరిన మనిషి వెనుక నేల మీద పడి లేవలేకపోవడం చాలామంది ఆలస్యంగా గమనించారు. బంతి చేయి దాటాక స్టీలర్స్ ఆటగాడు కిమో వాన్ ఓల్‌హాఫెన్ వచ్చి అతని ఎడమ మోకాలికి తగిలాడు, లిగమెంట్లు తెగిపోయాయి. ఆ వాన్ ఓల్‌హాఫెన్ కొన్నేళ్ళ క్రితం వరకు బెంగాల్స్ తరఫునే ఆడినవాడన్నది ఈ ఊరివారు ఇప్పటికీ నొచ్చుకుంటూ చెప్పే ఉపకథ. పాస్ అందుకున్న హెన్రీకి కూడా అదే ఆటలో మోకాలు దెబ్బతింది. ఒక దశలో 17-7తో ముందున్న బెంగాల్స్ చివరికి 31-17తో ఓడింది. ఆ స్టీలర్సే అక్కడి నుంచి వెళ్ళి లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచారు. క్వార్టర్‌బ్యాక్ మోకాళ్ళ కింద కొట్టకూడదన్న నిబంధనను లీగ్ ఆ తరువాత కఠినం చేసింది. దానికి జనం పెట్టిన పేరు పామర్ నిబంధనే.

ఆ రోజు గురించి ఇంత రాయడానికి కారణముంది. ఆ మోకాలి దెబ్బ అతనికి ఒక్కడికే తగిలినట్లు ఈ ఊరు ఏనాడూ అనుకోలేదు. పదిహేనేళ్ళు ఎదురుచూసిన రోజున, మొదటి పాస్‌కే అంతా ముగిసిపోయింది. అతడు శస్త్రచికిత్స చేయించుకుని అదే ఏడాది సెప్టెంబరుకల్లా మైదానంలోకి తిరిగి రావడంతో జనం అతణ్ణి తమవాడిగా స్వీకరించారు. కష్టంలో ఇద్దరూ భాగస్వాములమన్న ఈ భావన ఆనాటిది. అది లేకపోతే 2011లో కలిగినది మామూలు అసంతృప్తిగానే మిగిలిపోయేది.

తరువాతి అయిదేళ్ళ గురించి పెద్దగా చెప్పవలసింది లేదు. ఒక ఏడాది గెలుపోటములు సగం సగం, ఒక ఏడాది అంతకన్నా తక్కువ, 2008లో మోచేతి గాయంతో పామర్ ఆడింది నాలుగు ఆటలే. 2009లో డివిజన్‌లోని ఆరు ఆటలనూ గెలిచి ప్లేఆఫ్స్‌కు వెళ్ళి న్యూయార్క్ జెట్స్ చేతిలో ఓడారు. 2010లో పాసులు అందుకోవడంలో పేరుపొందిన టెరెల్ ఓవెన్స్‌ను తెచ్చి, అదే పని చేసే చాడ్ ఓచోసింకో పక్కన నిలబెట్టగా ఊరంతా ఉవ్విళ్ళూరింది. వరుసగా పది ఆటలు ఓడి 4-12తో, అంటే నాలుగు గెలుపులు, పన్నెండు ఓటములతో సీజన్ ముగిసింది, పామర్ 20 ఇంటర్‌సెప్షన్లు (ప్రత్యర్థులకు చిక్కిన పాసులు) ఇచ్చుకున్నాడు. అంత దారుణమైన సీజన్ తరువాత కూడా కోచ్‌కు కొత్త ఒప్పందం దక్కింది, పైన యజమాని మారే ప్రసక్తే లేదు.

2011 జనవరిలో పామర్ తనను వేరే జట్టుకు ట్రేడ్ చేయమని అడిగాడు. చేయకపోతే ఆట నుంచి విరమించుకుంటానన్నాడు. ఇంటిని అమ్మకానికి పెట్టాడు. తనకు బ్యాంకులో ఎనిమిది కోట్ల డాలర్లున్నాయనీ, డబ్బు కోసం ఆడవలసిన అవసరం లేదనీ అతడు అన్నట్లు ఆ రోజుల్లో వార్తల్లో ఒక మాట వచ్చింది. అది అతని నోట నేరుగా విన్నది కాదు, ఒక మధ్యవర్తి చేరవేసినది. అయినా, అమ్మకపు పన్ను కడుతూ, టికెట్లు కొంటూ, డిసెంబరు చలిలో ఓటములు చూసినవారి చెవిన అది ఎలా పడి ఉంటుందో ఊహించుకోవచ్చు. పామర్ స్వయంగా బయటికి వచ్చి ఆ మాటను సరిదిద్దలేదు, తన కారణాలూ వివరించలేదు. కాలిఫోర్నియా వెళ్ళిపోయి నెలల తరబడి మౌనంగా ఉన్నాడు.

ఇంత తీవ్రమైన బెదిరింపు అవసరమా అని మీకు అనిపించవచ్చు. నా లెక్క ప్రకారం అతని ముందు వేరే దారి లేదు. మైక్ బ్రౌన్ ఒప్పందంలో ఉన్న ఆటగాడు మారాం చేస్తే లొంగే మనిషి కాదు. 2008లో చాడ్ తనను పంపించమని నానా గొడవ చేసినప్పుడు వాషింగ్టన్ జట్టు డ్రాఫ్ట్‌లో తన మొదటి రౌండ్ ఎంపికతో పాటు షరతులతో కూడిన మరో ఎంపికనూ ఇస్తామన్నా ఆయన కుదరదన్నారు. చాడ్ చివరికి తిరిగి వచ్చి ఆడాడు. ఆ తతంగమంతా పామర్ అదే డ్రెస్సింగ్ రూమ్‌లో కూర్చుని చూశాడు. అడిగితే దక్కదు, అలిగితే దక్కదు, జీతం వదులుకుని ఇంట్లో కూర్చుంటేనే ఏమైనా కదులుతుందని అతడు గ్రహించి ఉండాలి. ఆ ఏడాది జీతమే కోటి డాలర్లకు పైబడి ఉంది కనుక అతడు పణంగా పెట్టింది చిన్న మొత్తమేమీ కాదు.

యజమానులకూ ఆటగాళ్ళకూ మధ్య వివాదంతో వచ్చిన లాకౌట్ ముగిసి 2011 జులైలో జట్లు శిబిరాలు తెరిచినప్పుడు మైక్ బ్రౌన్ బహిరంగంగా మాట్లాడారు. పామర్ ఒప్పందంపై సంతకం చేసి మాట ఇచ్చాడనీ, ఆ మాటను నమ్ముకుని తాము నడిచామనీ, మాట తప్పినందుకు బహుమానం ఇవ్వబోమనీ ఆయన చెప్పిన సారాంశం. ఇరవై ఏళ్ళుగా ఆయనను దుమ్మెత్తిపోసిన ఊరు ఆ రోజు చప్పట్లు కొట్టింది. నా దృష్టిలో ఈ వ్యవహారంలో అన్నిటికన్నా విచిత్రమైన ఘట్టం ఇదే. తమను విసిగించిన యజమాని పక్షాన అభిమానులు నిలబడేలా చేయగలిగిన ఏకైక ఆటగాడు పామర్.

మాట తప్పడమన్న వాదన న్యాయంగా నిలుస్తుందా అంటే పూర్తిగా నిలవదు. ఎన్‌ఎఫ్‌ఎల్ ఒప్పందాలలో చాలా భాగం డబ్బుకు హామీ ఉండదు. జట్టు అనుకుంటే ఆటగాణ్ణి మధ్యలో తొలగించవచ్చు, మిగిలిన సంవత్సరాల జీతం ఎగిరిపోతుంది. పన్నెండేళ్ళు ఈ జట్టు కుడివైపు రక్షణగోడగా నిలిచిన విల్లీ ఆండర్సన్‌ను 2008 ఆగస్టులో జీతం తగ్గించుకోమన్నారు, ఒప్పుకోనందుకు పంపించేశారు. అప్పుడు ఇచ్చిన మాట గురించి ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. కాబట్టి సంతకం పవిత్రమన్న వాదనతో మీ సహోద్యోగి ఎవరైనా వస్తే విల్లీ పేరు చెప్పండి, సంభాషణ కొంత నెమ్మదిస్తుంది.

అయితే మీరు చేసిన ఉద్యోగం పోలిక కూడా సరిపోదు. ఉద్యోగం మారే మనిషి తనకు నచ్చిన సంస్థలో దరఖాస్తు పెట్టుకుంటాడు. డ్రాఫ్ట్‌లో వచ్చిన ఆటగాడికి మొదటి యజమానిని ఎంచుకునే హక్కు లేదు, ఒప్పందం తీరేదాకా కదిలే వీలూ లేదు. గ్రీన్ కార్డు వరుసలో నిలబడి, పిటిషన్ వేసిన యజమానిని వదలలేక ఏళ్ళు గడిపే మనవాళ్ళకు ఈ ఇరకాటం కొంత తెలిసినదే. ఆ కోణంలో చూస్తే పామర్ మీద నాకు సానుభూతి ఉంది. కానీ అభిమాని వైపు నుంచి చూడండి. ఆ ఇరకాటంలో అభిమాని ఇంకా లోతుగా కూరుకుని ఉన్నాడు. అతనికి ట్రేడ్ అడిగే హక్కు లేదు. స్టేడియం పన్ను కౌంటీలో కొనే చాలా వస్తువుల మీద పడుతుంది, ఆట చూసినా చూడకపోయినా. జట్టు మీద మనసు విరిగినా పిట్స్‌బర్గ్‌కు జేకొట్టలేడు. మైక్ బ్రౌన్ పాలన భరించలేమని రెండు దశాబ్దాలు రేడియో కార్యక్రమాలకు ఫోన్లు చేసి మొత్తుకున్నది వీళ్ళే. ఆ మాటనే పామర్ తన చేతలతో చెప్పి, వీళ్ళకు లేని తలుపు తెరుచుకుని వెళ్ళిపోయాడు. ఒకే చెరలో ఉన్నవాళ్ళలో ఒకడు బయటపడితే మిగిలినవారు సంతోషించాలని తర్కం చెబుతుంది, మనుషుల మనసులు మాత్రం అలా నడవవు.

కోపాన్ని గట్టిపరిచింది 2011 అక్టోబరు 18, మంగళవారం. ఆ సీజన్‌లో ట్రేడ్‌లకు చివరి రోజది. రెండు రోజుల ముందు ఓక్లాండ్ రైడర్స్ క్వార్టర్‌బ్యాక్ జేసన్ క్యాంప్‌బెల్‌కు కాలర్ ఎముక విరిగింది. ఆ జట్టు అధినేత ఆల్ డేవిస్ ఆ నెలలోనే మరణించాడు. నిర్ణయాలు చాలావరకు కోచ్ హ్యూ జాక్సన్ చేతిలో పడ్డాయి. జాక్సన్‌కు పామర్ యూఎస్‌సీ రోజుల నుంచీ తెలుసు, సిన్సినాటిలోనూ అతనితో పనిచేశాడు. 2012 మొదటి రౌండ్ ఎంపిక, 2013 రెండవ రౌండ్ ఎంపిక ఇస్తామన్నారు. అసలు పంపనే పంపనన్న బ్రౌన్ వెంటనే పంపేశారు. ఇక ఆడనన్న పామర్ అదే వారం రైడర్స్ దుస్తులు వేసుకుని, 23న కాన్సస్ సిటీ మీద మధ్యలో దిగి మూడు ఇంటర్‌సెప్షన్లు ఇచ్చాడు, రైడర్స్ 28-0తో ఓడింది. సిన్సినాటిలో ఆ సాయంత్రం ఎన్ని ఇళ్ళలో నవ్వులు వినిపించాయో చెప్పనవసరం లేదు. కానీ ఆ నవ్వు కింద ఉన్నది వేరు. అప్పటిదాకా కొందరైనా, పాపం శరీరం అలసిపోయిందేమో, నిజంగానే ఆట మీద విరక్తి కలిగిందేమో అని సర్దిచెప్పుకునేవారు. ఆ మంగళవారంతో ఆ వీలు పోయింది. అతడు విరమించుకున్నది ఫుట్‌బాల్ నుంచి కాదు, సిన్సినాటి నుంచి మాత్రమేనని అందరికీ తేటతెల్లమైంది.

మీరన్న లాభం సంగతి నిజమే. శిబిరాలు తెరవకముందే, ఏప్రిల్ 2011 డ్రాఫ్ట్‌లో, జట్టు పాసులు అందుకునే ఏజే గ్రీన్‌నూ, రెండవ రౌండ్‌లో క్వార్టర్‌బ్యాక్ ఆండీ డాల్టన్‌నూ తీసుకుంది. ఆ కుర్రవాళ్ళతో అదే ఏడాది 9-7తో ప్లేఆఫ్స్‌కు వెళ్ళారు. రైడర్స్ ఇచ్చిన ఎంపికలతో డ్రే కర్క్‌ప్యాట్రిక్, జియోవానీ బెర్నార్డ్ వచ్చి చాలా ఏళ్ళు ఆడారు. 2011 నుంచి 2015 దాకా వరుసగా అయిదేళ్ళు ప్లేఆఫ్స్ చేరారు. కానీ ఆ అయిదు సార్లూ మొదటి ఆటలోనే ఓడి ఇంటికి వచ్చారు. నాకు తోచేదేమంటే, ఆ అయిదింటిలో ఒక్కటి గెలిచి ఉన్నా పామర్ కథ ముగిసిపోయేది. ప్రతి జనవరిలోనూ ఓడినప్పుడల్లా, పూర్తిస్థాయి పామర్‌తో ఈ జట్టు ఎలా ఉండేదోనన్న ఆలోచన వచ్చేది, దాని వెనుకే అతడు వద్దనుకుని పోయాడన్న జ్ఞాపకమూ వచ్చేది. 2012 నవంబరు 25న అతడు రైడర్స్‌తో ఇక్కడికి వచ్చినప్పుడు మైదానం అంతా ఛీత్కరించింది, బెంగాల్స్ 34-10తో గెలిచింది. ఒక్కరోజు తృప్తి దక్కింది, అంతే. పుండు మీద కారం చల్లినట్లు 2015లో అరిజోనా కార్డినల్స్ క్వార్టర్‌బ్యాక్‌గా అతడు బెంగాల్స్ మీద నాలుగు టచ్‌డౌన్ పాసులు విసిరి 34-31తో గెలిపించాడు, ఆ ఏడాది కార్డినల్స్ 13-3తో సూపర్ బౌల్‌కు ముందు మెట్టయిన కాన్ఫరెన్స్ ఫైనల్ దాకా వెళ్ళింది. మంచి జట్టు దొరికితే తాను ఏం చేయగలడో చూపించాడు. అది అతని వాదనకు బలం, ఇక్కడివారికి కడుపుమంట.

ఇతర ఊళ్ళలో ఇలాంటివి జరగలేదా అంటే జరిగాయి. 1983లో జాన్ ఎల్వే డ్రాఫ్ట్‌లో తనను ఎంచుకున్న బాల్టిమోర్ కోల్ట్స్‌కు ఆడనని మొండికేసి డెన్వర్ చేరాడు. 2004లో ఎలై మానింగ్ శాన్ డియాగో చార్జర్స్‌కు అదే చేసి న్యూయార్క్ వెళ్ళాడు. అయితే వీరు వచ్చి కలిసి నడిచి వెళ్ళినవారు కారు, గడప తొక్కనివారు. పైగా కోల్ట్స్ 1984లో ఇండియానాపొలిస్‌కు, చార్జర్స్ 2017లో లాస్ ఏంజెలెస్‌కు వెళ్ళిపోయాయి. జట్టే ఊరిని వదిలేశాక, ఆ జట్టును వద్దన్న కుర్రవాడి మీద ఎంతకాలం కోపం నిలుస్తుంది? గ్రీన్ బే అభిమానులు తమ పాత క్వార్టర్‌బ్యాక్ బ్రెట్ ఫావ్రే 2009లో ప్రత్యర్థి వైకింగ్స్ తరఫున వస్తే ఛీకొట్టారు, 2015లో అతని జెర్సీ నంబరుకు శాశ్వత గౌరవం ఇస్తుంటే స్టేడియం నింపేశారు. ఫావ్రే ఖాతాలో ఆ ఊరికి తెచ్చిన ఒక సూపర్ బౌల్ ఉంది. పామర్ ఖాతాలో సిన్సినాటికి తెచ్చిన ప్లేఆఫ్ విజయం ఒక్కటీ లేదు. అందులో సగం తప్పు మోకాలిది, కానీ ఖాతా ఖాతాయే.

అన్నిటికన్నా పనికివచ్చే పోలికలు ఈ ఊళ్ళోనే ఉన్నాయి. కోరీ డిలన్ సంగతి చూడండి. జట్టు అత్యంత అధ్వాన్నంగా ఉన్న రోజుల్లో బంతి పట్టుకుని పరుగెత్తి 8,061 గజాలతో జట్టు రికార్డు నెలకొల్పినవాడు. 2003 చివరి ఆట తరువాత హెల్మెట్, భుజకవచాలు ప్రేక్షకుల మధ్యకు విసిరేసి పోయాడు. మరుసటి ఏడాది న్యూ ఇంగ్లాండ్ వెళ్ళి సూపర్ బౌల్ గెలిచాడు. అతడూ బలవంతంగానే బయటపడ్డాడు, అతడూ మైక్ బ్రౌన్ మీద కోపంతోనే పోయాడు. అయినా 2024లో జట్టు తన మేటి ఆటగాళ్ళకు ఇచ్చే గౌరవమైన రింగ్ ఆఫ్ ఆనర్‌లో అతనికి చోటు దక్కింది. అంతకు రెండేళ్ళ ముందు విల్లీ ఆండర్సన్‌కూ దక్కింది. ఇక ఆండ్రూ విట్‌వర్త్ పామర్‌కే కాపలాగా నిలిచిన ఎడమవైపు టాకిల్. పదకొండు సీజన్ల తరువాత 2017లో ఫ్రీ ఏజెంట్‌గా (ఒప్పందం తీరి ఏ జట్టుకైనా వెళ్ళగల ఆటగాడిగా) రామ్స్‌కు వెళ్ళాడు, 2022 ఫిబ్రవరిలో సూపర్ బౌల్‌లో 23-20తో సాక్షాత్తూ బెంగాల్స్‌నే ఓడించి ఉంగరం తొడుక్కున్నాడు. అతణ్ణి ఇక్కడ పల్లెత్తు మాట అన్నవారు నాకు కనిపించలేదు. విట్‌వర్త్ ఒప్పందం ముగిసేదాకా ఆడి వెళ్ళాడు. డిలన్ అరిచి, విసిరికొట్టి, అందరి ముందూ రచ్చచేసి వెళ్ళాడు. ఆ రచ్చలో అభిమానులకు తమ కోపమే కనిపించింది. పామర్ ఏజెంటు ద్వారా కబురు పంపి, ఇంటి ముందు అమ్మకపు బోర్డు పెట్టి, మాట్లాడకుండా వెళ్ళాడు. అతడు మాట్లాడని ఆ తొమ్మిది నెలల్లో కథ చెప్పింది మైక్ బ్రౌన్ ఒక్కరే కనుక జనానికి గుర్తుండిపోయింది ఆయన చెప్పిన కథే.

పామర్ విషయం విడమరచి మాట్లాడింది చాలా ఆలస్యంగా, 2018లో ఆట మానేశాక. కళాశాల క్వార్టర్‌బ్యాక్ జో బర్రోను బెంగాల్స్ మొదటి ఎంపికగా తీసుకోబోతున్నారని తెలిసిన 2020 ఆరంభంలో, ఆ సంస్థ నిజంగా సూపర్ బౌల్ కోసం ప్రయత్నిస్తోందని తనకు ఎన్నడూ అనిపించలేదనీ, అందుకే బయటపడ్డాననీ అన్నాడు. ఫ్రీ ఏజెంట్ల కోసం డబ్బు వెచ్చించకుండా డ్రాఫ్ట్ మీదే ఆశలు పెట్టుకుంటే సరిపోదన్నది అతని విమర్శ. సమయం చూసి కొత్త కుర్రవాడి మనసు విరిచేందుకే అన్నాడని ఇక్కడివారు మండిపడ్డారు. కానీ ఆ తరువాత జరిగింది చూడండి. అదే వసంతంలో జట్టు డీజే రీడర్‌ను, మరుసటి ఏడాది ట్రే హెండ్రిక్సన్‌ను, చిడోబే అవుజీనీ బయటి నుంచి తెచ్చుకుంది, 2022 జనవరిలో 31 ఏళ్ళ తరువాత మొదటి ప్లేఆఫ్ విజయం సాధించింది. అదీ రైడర్స్ మీదే. పామర్ చెప్పిన జబ్బుకు సరిగ్గా అతడు చెప్పిన మందే వాడారన్నమాట, ఆ సంగతి ఒప్పుకున్న పాత అభిమాని మాత్రం అరుదు.

ఒక్క విషయంలో పామర్‌ను నేను కూడా సమర్థించలేను. బర్రో కూడా యాజమాన్యాన్ని ఒత్తిడి చేశాడు. తన పాసులు అందుకునే జమార్ చేజ్‌ను, టీ హిగిన్స్‌ను వదులుకోవద్దని కెమెరాల ముందు పదే పదే అన్నాడు, 2025 మార్చిలో ఇద్దరికీ ఒప్పందాలు దక్కాయి. క్వార్టర్‌బ్యాక్ నోరు విప్పితే ఈ యాజమాన్యం మీద కూడా ప్రభావం ఉంటుందని దానితో తేలింది. 2010 నాటి మైక్ బ్రౌన్ అలా వినేవారా అంటే అనుమానమే. కానీ ఊరి అభిమానం పూర్తిగా తన వెంట ఉన్న రోజుల్లో పామర్ ఒక్కసారైనా బహిరంగంగా అడిగి చూడవలసింది. అడిగి ఉంటే, కాదనిపించుకుని వెళ్ళినా, ఊరు అతని పక్షాన ఉండేది.

ఇక రింగ్ ఆఫ్ ఆనర్ సంగతి. అంకెల ప్రకారం చూస్తే ఇక్కడ 22,694 గజాలు, 154 టచ్‌డౌన్ పాసులు చేసిన క్వార్టర్‌బ్యాక్‌ను చర్చకు రానివ్వకపోవడం కష్టం. పదిహేనేళ్ళ దుర్దశను ముగించింది అతడే. ఆ గౌరవం సీజన్ టికెట్లు ఉన్నవారి ఓటుతో దక్కుతుంది. నా అంచనాలో అది అతని అంకెల మీదకన్నా, 2011లో డబ్బు కట్టినవారిలో ఎంతమంది ఆ టికెట్లు ఇంకా ఉంచుకున్నారు, బర్రో వచ్చాక కొత్తగా కొన్నవారు ఎంతమంది అన్నదాని మీద ఎక్కువగా ఆధారపడుతుంది. ముప్పై ఏళ్ళలోపు అభిమానులకు పామర్ ఒక పాత వీడియో మాత్రమే, వారికి అతని మీద ప్రేమా లేదు, పగా లేదు. మీ సహోద్యోగులు యాభై దాటినవారైతే మాత్రం 2011 గురించి అడగకండి, 2005 సీజన్ గురించి అడగండి. ఆ 32 టచ్‌డౌన్లలో ఒక్కొక్కటీ ఎవరికి విసిరాడో వాళ్ళే వరుసగా చెబుతారు.